రెండో దెబ్బ పడలేదు

దయ్యాలను నమ్మడానికి నాకు తీరిక ఉండేది కాదు. పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెడితే దీపాల వేళకు పైకి తీసేదాన్ని. సముద్రం ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే కాపురం చేశాను. మా ఉప్పాడలో అలలు ఇళ్ళను తీసుకుపోవడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఇల్లు పోయినవాళ్ళు మర్నాడు ఇంకో చోట పొయ్యి పెట్టుకోవడం చూశాను గాని, పోయినవాళ్ళు తిరిగి రావడం ఎక్కడా చూడలేదు. చూశామని చెప్పేవాళ్ళ ముందు మర్యాదకి తలూపి, ఇంటికొచ్చి నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు రాస్తున్నది తొంభైల చివర్లో మా ఇంట్లో జరిగింది. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, వయోజన విద్య బడిలో. అందుకని పెద్ద మాటలు రావు. జరిగిన వరసలోనే రాస్తాను.

మాకు ఒక్కతే కూతురు. పేరు వరలక్ష్మి. వరాలు అనేవాళ్ళం. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్ళు. ఆరో ఏట పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మూర్ఛలు మొదలయ్యాయి. కాకినాడ డాక్టరు గారు రాసిన మాత్రలు వేస్తూ ఉంటే నెలకు ఒకటి రెండు సార్లకు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. వస్తే ఉన్నచోటే పడిపోయేది. ఒకసారి పొయ్యి పక్కన పడి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది.

డాక్టరు గారు ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవారు. “పడినప్పుడు పక్కన మనిషి ఉండాలమ్మా. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. మనిషి ఉంటే భయం లేదు.”

ఆ మనిషే మాకు కష్టమైంది. మా ఆయన కొత్తపల్లిలో నూలుకు రంగులు వేసే పనికి పొద్దున వెళితే చీకటి పడుతుండగా వచ్చేవారు. నేను మగ్గం మీద ఉండేదాన్ని. ఇద్దరిలో ఎవరు మానేసినా ఇల్లు నడవదు. ఇంట్లో మగ్గం వేద్దామంటే, గుంట తవ్వితే ఉప్పునీరు ఊరేది. అందుకని మగ్గం ఇంటి వెనక దొడ్డి దాటాక మెరక మీద ఉన్న రేకుల షెడ్డులో ఉండేది. ఇంటి నుంచి అరవై అడుగులు ఉంటుంది. వరాల్ని షెడ్డులో కూర్చోబెడితే రేకుల వేడికి మూర్ఛ ఇంకా ఎక్కువ వచ్చేది. ఇంట్లో వెనక గదిలో చల్లగా కూర్చుని రాట్నం మీద నాకు కండెలు చుట్టేది. జాందానీ చీరలో ప్రతి బుటాకీ ఒక చిన్న దారపు కండె కావాలి. ఎన్ని చుట్టినా చాలవు. దానికీ పని దొరికిందన్న తృప్తి ఉండేది.

నేను గంటకోసారి లేచి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఆ గంటలో ఏమవుతుందోనన్న భయం మాత్రం మగ్గం మీద అటూ ఇటూ దారం మోసే నాడెతో పాటే తిరిగేది.

బాబ్జీ అని మా ఊళ్ళో కరెంటు పని చేసే అతను ఉండేవాడు. అతనే మా ఆయనతో ఈ డబ్బాల సంగతి చెప్పాడు. రెండు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కొక్కటి చిన్న ఇటుకంత ఉంటుంది. ఒకటి ఇంట్లో ప్లగ్గులో పెట్టాలి, ఇంకొకటి షెడ్డులో పెట్టాలి.

“తీగ లాగక్కర్లేదండి అక్కగారూ. గోడలో ఉన్న కరెంటు తీగలోంచే మాట వెళ్ళిపోద్ది” అన్నాడు బాబ్జీ.

“మాటతో పాటు కరెంటు కూడా చెవిలోకి వెళ్ళిపోదు కదా?” అంది వరాలు.

“ఆయ్, మీ అమ్మగారు తిడితే మాత్రం షాకు కొట్టుద్దండి” అన్నాడు.

ఒక బటన్ నొక్కితే అవతల పిలుపు మోగుతుంది. ఇంకోటి నొక్కి పట్టుకుంటే మన మాట వెళుతుంది. మూడో బటన్ నొక్కి వదిలేస్తే చెయ్యి పెట్టకుండానే ఇక్కడి చప్పుడంతా అవతల వినపడుతూ ఉంటుంది. మాకు కావాల్సింది ఆ మూడోదే. ఇంట్లో డబ్బాకి ఆ బటన్ నొక్కి ఉంచితే వరాలు రాట్నం చప్పుడు నాకు షెడ్డులో వినపడుతుంది. రాట్నం ఆగితే నేను పరిగెత్తవచ్చు.

ఒకే గదిలో రెండు ప్లగ్గుల్లో పెట్టి చూపించాడు. బ్రహ్మాండంగా పలికాయి. షెడ్డులోకి తీసుకెళ్ళి పెడితే గుయ్‌మన్న మోత తప్ప ఏమీ లేదు.

రెండు రోజులు బాబ్జీ ఇంటికీ షెడ్డుకీ తిరుగుతూనే ఉన్నాడు. ప్లగ్గు బోర్డు మార్చాడు. ట్యూబులైటు వల్ల మోత వస్తుందని ట్యూబు తీసేసి బల్బు పెట్టాడు. డబ్బా అడుగున ఒక చిన్న మీట ఉంది, దానికి మూడు స్థానాలు ఉన్నాయి. రెండు డబ్బాల్లోనూ మీట ఒకే స్థానంలో ఉంటేనే అవి కలుస్తాయట. మొదటి స్థానంలో కలవలేదు, రెండో దాంట్లోనూ కలవలేదు. రెండో రోజు సాయంత్రం మూడో స్థానానికి జరిపి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను షెడ్డులో డబ్బా స్విచ్చి వేశాను. గుయ్‌మనే మోత లేదు. లోపలి నుంచి మెత్తగా చప్పుడు వస్తోంది. ఆగి ఆగి కర్రకు కర్ర తగిలినట్టు ఉంది. వరాలు రాట్నమే అనుకున్నాను. ప్రాణం లేచి వచ్చింది. ఆ పూట గంటకోసారి లేవలేదు. హాయిగా నేసుకున్నాను.

మధ్యాహ్నం అన్నానికి ఇంట్లోకి వెళ్ళాను. వరాలు చాప మీద నిద్రపోతోంది. టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. మా వెనక గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఫ్యాను కోసం డబ్బా పీకేసి గూట్లో పెట్టింది.

“ఎప్పుడు పీకావే?” అన్నాను లేపి.

“నువ్వు వెళ్ళగానే పీకేశానమ్మా. ఉక్క పోసింది.”

అన్నం తినకుండానే షెడ్డుకి వచ్చాను. డబ్బాలో ఆ చప్పుడు అలాగే వస్తోంది.

కబురు పెడితే బాబ్జీ వచ్చి విన్నాడు. తర్వాత వీధిలో స్తంభం ఎక్కి చూసి వచ్చి చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు తీగలు వస్తాయట. మా ఇంటికి ముందు వీధి స్తంభం నుంచి ఒక తీగ, షెడ్డుకి వెనక వీధి స్తంభం నుంచి ఇంకో తీగ వచ్చాయి. ఈ డబ్బాలు ఒకే తీగ మీద ఉంటేనే కలుస్తాయి.

“అంటే మన రెండూ ఎప్పటికీ కలవవండి. మీకు వినపడేది ఇంకెవరి ఇంట్లోదో. మీ వెనక తీగ మీద ఎవరో ఇలాంటి డబ్బా పెట్టుకున్నారు. కనుక్కుంటాను” అన్నాడు.

అతను కనుక్కునే లోపే నాకు తెలిసిపోయింది.

బయటివాళ్ళకు మగ్గం చప్పుడు అంతా ఒకటే. మాకు అలా కాదు. మనిషి నడకను బట్టి వచ్చేదెవరో చీకట్లో చెప్పినట్టు, నేతను బట్టి మగ్గం మీద ఎవరున్నారో చెప్తాం. బుటాలు వేసేటప్పుడు చాలాసేపు చప్పుడు ఉండదు. అన్ని బుటాలకూ దారాలు తిప్పాక నాడె విసిరి, పేక దారం బిగియడానికి దువ్వెన లాంటి పన్నెతో కొడతాం. కొందరు ఒక దెబ్బ కొడతారు, కొందరు రెండు. ఈ డబ్బాలో మొదటి దెబ్బ గట్టిగా పడుతోంది. ఒక ఊపిరంత ఆగి, రెండోది తాకీ తాకనట్టు పడుతోంది. ఆ వెంటనే తొక్కుడు చెక్క కిర్రుమంటోంది.

అలా కొట్టే మనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉండేది. తులసమ్మత్త. బంధుత్వం లేదు, వరసకి అత్తా అనేదాన్ని. నాకు బుటా పని నేర్పింది ఆవిడే. నేను ఆవిడ పక్కన ఒకే మగ్గం మీద తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. కుడి మణికట్టు ఎప్పుడో విరిగి సరిగ్గా అతకలేదు, అందుకే రెండో దెబ్బకు బలం చాలేది కాదు. తొక్కుడు చెక్క విరిగిపోతే పాత పడవ చెక్క కోసి వేయించుకుంది. అది కిర్రుమనేది.

ఆవిడ మగ్గం ఇల్లు ఒడ్డు వరసలో ఉండేది. ఇది జరగడానికి రెండేళ్ళ ముందు వానాకాలంలో ఒక రోజు పోటు ఎక్కువై ఆ వరసంతా పోయింది. అందరూ బయటికి వచ్చేశారు. మగ్గం మీద సగం నేసిన చీర ఉందని ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళింది. గోడ పడింది. మూడో రోజు దొరికింది. గుర్తుపట్టడానికి నన్నూ పిలిచారు. మణికట్టు చూసి చెప్పాను.

బాబ్జీ నాలుగు రోజులు వీధులన్నీ తిరిగి వచ్చాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇలాంటి డబ్బాలు ఎవరికీ లేవన్నాడు. ఇంకా ఏదో చెప్పడానికి నీళ్ళు నమిలాడు.

“చెప్పు బాబ్జీ” అన్నాను.

“ఊళ్ళో నేను అమ్మింది మొత్తం రెండు జతలేనండి. ఒకటి మీది. మొదటిది తులసమ్మగారి అబ్బాయి తీసుకున్నాడండి. ఒకటి అతని ఇంట్లో, ఒకటి ఒడ్డున మగ్గం ఇంట్లో పెట్టుకున్నారు. ఆవిడని అన్నానికి పిలవడానికండి.”

ఆ మగ్గం ఇంట్లో గూట్లో గుడ్డ కప్పిన డబ్బా ఒకటి ఉండేది, కోడలి కేకలు అందులోంచే వచ్చేవి; అదీ ఇదీ ఒకటేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ కొడుకు ఇంటికి ఇద్దరం వెళ్ళాం. కోడలు రత్నం ట్రంకు పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన డబ్బా తీసి ఇచ్చింది. బాబ్జీ విప్పి చూశాడు. లోపల తుప్పు పట్టి, తీగలు ఊడిపోయి ఉన్నాయి. దాని జత ఇల్లుతో పాటే సముద్రంలోకి పోయింది.

రత్నాన్ని షెడ్డుకి తీసుకొచ్చాను. ఏమీ చెప్పకుండా డబ్బా ముందు కూర్చోబెట్టాను. రెండు వరసలు వింది.

“ఇది రెండేళ్ళు మా వంటింట్లో మోగిందొదినా” అంది. “నొక్కి పట్టుకోవడం చిరాకని ఆ మూడో బటన్ నొక్కి వదిలేసేది ముసిల్ది. పొద్దస్తమానం ఇదే మోత. అత్తయ్యా, నీ మగ్గం వినలేక చస్తున్నాను, ఆపు అని అరిచేదాన్ని. ఎన్ని మగ్గాల మధ్య పెట్టినా ఇది అత్తయ్యదని చెప్పేస్తాను.” లేచి నిలబడింది. “పీకెయ్యి. నీకు దణ్ణం పెడతాను, పీకెయ్యి.”

నేను పీకలేదు.

నా వైపు నుంచి కూడా సాక్ష్యాలు చూసుకున్నాను. కరెంటు పోతే చప్పుడు పోయేది, వస్తే వచ్చేది. దయ్యానికి కరెంటు కోత ఏమిటి అనుకున్నాను. చీకటి పడుతుండగా ఆగేది, అందుకే మా ఆయన ఎప్పుడూ వినలేదు. అమావాస్య నాడు మేం మగ్గం ఎక్కం, అది మాకు సెలవు. ఆ రోజు ఊరికే షెడ్డుకి వెళ్ళి స్విచ్చి వేసి కూర్చున్నాను. గుయ్‌మనే మోత తప్ప ఏమీ రాలేదు. దయ్యాలు అమావాస్యకు తిరుగుతాయంటారు. ఇది అమావాస్యకు సెలవు తీసుకుంది.

ఇంకొకటి కూడా ఉంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆగే సమయాన్ని బట్టి వరసకు ఎన్ని బుటాలు వేస్తున్నారో నాకు అంచనా తెలుస్తుంది. పదకొండు. ఇల్లు పోయిన రోజు ఆవిడ మగ్గం మీద ఉన్నది వరసకు పదకొండు మామిడి పిందె బుటాల చీర. ఉల్లిపొర రంగు. అందులో సగం నా చేతులు వేసినవే. ఆ పొద్దున నాకు ఒంట్లో బాగోలేక వెళ్ళలేదు.

ఆ చీర నడుస్తోంది. బుటాల వరస అయ్యాక కొంత దూరం ఖాళీ నేత, మళ్ళీ బుటాలు. నేను షెడ్డులో కూర్చుని వింటూ లెక్క పెట్టేదాన్ని. కొంగు దగ్గర పడుతోంది.

భయపడ్డావా అని అడిగితే, లేదు. అది నాకే వింతగా ఉంటుంది. ఆవిడ పోయాక నేను ఒంటరిగా చిన్న బుటాల చీరలే నేసేదాన్ని. పక్కన మనిషి లేని మగ్గం మూగది. ఇప్పుడు మళ్ళీ పక్కన మనిషి ఉన్నట్టు అనిపించింది. నా చెయ్యి ఆవిడ చేతితో కలిసేది. తెలియకుండానే నేనూ రెండు దెబ్బలు కొట్టడం మొదలుపెట్టాను.

ఒడ్డు వైపు తీగ ఎక్కడిదాకా ఉందో బాబ్జీ తీసుకెళ్ళి చూపించాడు. అది మా వెనక వీధి దాటాక రెండో స్తంభం దగ్గర ఆగిపోతుంది. కోసిన తీగ చుట్ట చుట్టి ఆ స్తంభానికే కట్టి ఉంది. దాని అవతల రాళ్ళు, ఆ తర్వాత నీళ్ళు.

“నాకు అర్థం కావట్లేదండి అక్కగారూ. ఎలా అయినా మీకు కావాల్సింది ఇది కాదు కదండీ. పాప కదా. ఇంటి నుంచి షెడ్డుకి ఒక తీగ లాగేస్తాను. రెండు డబ్బాలూ ఒకే తీగ మీదకి వచ్చేస్తాయి. పూట పని. ఇది పోద్ది, పాప వినపడుద్ది” అన్నాడు.

అన్నట్టే రెండు రోజుల్లో తీగ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు.

“మగ్గం మీద చీర ఉంది బాబ్జీ. పైన రేకులకు మేకులు కొడితే దుమ్మంతా పడుగు మీద పడుతుంది. ఇది దిగనీ” అన్నాను.

అది నిజమే. ఏ నేతగాడైనా ఒప్పుకునే సాకు. కాని పాత దుప్పటి కప్పితే సరిపోయేదని నాకు తెలుసు.

“పాప సంగతండీ?”

“ఇన్నాళ్ళూ చూసుకోలేదా? గంటకోసారి వెళ్తాను కదా.”

బాబ్జీ తీగ చుట్ట షెడ్డు మూల పెట్టి వెళ్ళాడు. ఆ రాత్రి మా ఆయన కూడా అడిగారు. “ఏమే మంగా, ఆ డబ్బాలు పలుకుతున్నాయా?” అని. ఇంకో వారంలో పలుకుతాయన్నాను. ఆయనకి ఆ చప్పుడు గురించి అప్పటికి చెప్పలేదు.

బాబ్జీ తీగ చుట్ట పెట్టి వెళ్ళిన తొమ్మిదో రోజు మంగళవారం. పొద్దున పదకొండు దాటి ఉంటుంది. వరాలికి మాత్ర వేసి, జడ వేసి, కండెలు తడుపుకోవడానికి బేసిన్లో నీళ్ళు పోసి ఇచ్చి వచ్చి గంట కాలేదు. పత్తి దారం పొడిగా ఉంటే తెగుతుందని చుట్టిన కండెల్ని నీళ్ళలో వేస్తాం.

నేను బుటాల వరసలో ఉన్నాను. వరసకు పన్నెండు. అయిదు అయ్యాయి.

డబ్బాలో మొదటి దెబ్బ పడింది. రెండోది పడలేదు.

నా చెయ్యి గాలిలో ఆగింది. డబ్బా వైపు చూశాను. ఎర్ర దీపం వెలుగుతోంది, కరెంటు ఉంది. చెక్క కిర్రుమనలేదు. గుయ్‌మనే మోత కూడా లేదు. అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంది.

పోగు తెగిందేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తెగితే అతుక్కుని మళ్ళీ కొడతారు. ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడు కొడుతుంది అని వింటూ ఆరో బుటా దారం తిప్పాను.

మాకు ఒక నియమం ఉంది. వరస మధ్యలో మగ్గం దిగకూడదు. సగం కండెలు తిరిగి సగం తిరగకుండా వదిలేస్తే, వచ్చాక ఎక్కడ ఆపామో చెయ్యి మర్చిపోతుంది. ఒక్క పోగు తప్పితే ఆ తప్పు చీర ఉన్నంత కాలం కనిపిస్తుంది. నేర్చుకునేటప్పుడు మొదట చెప్పే మాట ఇదే. ఇల్లు అంటుకున్నా వరస పూర్తి చేసి లేవాలని నవ్వుతూ చెప్తారు.

వరస పూర్తి చేశాను. నాడె విసిరాను. పన్నె కొట్టాను. నా దెబ్బ తర్వాత షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు లేచాను.

రాట్నం పక్కకి పడి ఉంది. చక్రం ఆగిపోయింది. వరాలు బోర్లా పడి ఉంది. మొహం బేసిన్లో ఉంది. ఆ బేసిన్లో నీళ్ళు జానెడు కూడా లేవు. కండెలు దాని జుట్టులో చుట్టుకుని ఉన్నాయి.

తీసి పక్కకి తిప్పాను. డాక్టరు గారు చెప్పినట్టే తిప్పాను. ఒళ్ళు వెచ్చగా ఉంది. నా అరుపుకి పక్కింటావిడ వచ్చి దాని గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టింది. గుప్పిలి మూసుకోలేదు.

“ఇప్పుడే కదమ్మా రాట్నం చప్పుడు విన్నాను. ఇప్పుడే, పప్పు కడుగుతూ విన్నాను” అని ఆవిడ అదే మాట తిప్పి తిప్పి అంటోంది.

ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి నాడి చూశాడు, కళ్ళు విప్పి చూశాడు. నీళ్ళలో పడి ఎంతసేపైందని అడిగాడు. ఎవరికీ తెలియదన్నారు. నేను పలకలేదు. “కొన్ని నిమిషాల ముందు చూసి ఉంటే...” అని, నా మొహం చూసి ఆగిపోయాడు.

కార్యం రోజుల్లో ఒక పొద్దున ఊరికే గోడకి ఆనుకుని కూర్చుని ఉండగా గుర్తొచ్చింది. తులసమ్మత్తా నేనూ ఒకే మగ్గం మీద ఉన్నప్పుడు వరాలు చిన్నపిల్ల. మూల కూర్చుని రాట్నం తిప్పుతూ ఉండేది. రాట్నం చప్పుడులో ఏదో తేడా నాకంటే ముందు ఆవిడకే తెలిసేది. మొదటి దెబ్బ కొట్టి, రెండోది కొట్టకుండా పన్నె పట్టుకుని వింటూ ఉండిపోయేది. తర్వాత “పిల్ల పడుతోందే” అని లేచేది. ఆవిడ వరస ఎన్నిసార్లు పాడైందో. నేను నా సగం పూర్తి చేసి లేచేదాన్ని. నేను వెళ్ళేసరికి ఆవిడ దాన్ని పక్కకి తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని ఉండేది.

ఈసారి లేవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

పదకొండో రోజు వెళ్ళాక బాబ్జీ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. షెడ్డు మూల ఉన్న తీగ చుట్ట తీసుకుని, నిచ్చెన వేసుకుని, ఇంటి నుంచి షెడ్డుకి లాగడం మొదలుపెట్టాడు. మా ఆయన వద్దు అనబోయి ఊరుకున్నారు. ఒప్పుకున్న పని, పూర్తి చేస్తే గాని అతనికి నిద్ర పట్టదని అర్థమైంది. మధ్యాహ్నానికి అయింది. రెండు డబ్బాలూ మొదటిసారికే కలిశాయి. షెడ్డులో కూర్చుంటే ఇంట్లో గోడ గడియారం కూడా వినపడింది. ఇంకేమీ వినపడలేదు. బాబ్జీ కిందకి దిగి నిచ్చెన పట్టుకుని ఏడ్చాడు.

తర్వాత తీగ మళ్ళీ పాత స్తంభానికి మార్పించి, మీట మూడో స్థానంలోనే ఉంచి చాలా రోజులు విన్నాను. ఆ మంగళవారం తర్వాత ఆ మగ్గం చప్పుడు రాలేదు. ఆ చీర కొంగు పూర్తి కాలేదు.

ఎందరినో అడిగాను. లైన్‌మన్ ఒకాయన, తెగిన తీగలు ఇసకలో ఉంటే చిత్రంగా పనిచేస్తాయన్నాడు. రెండేళ్ళ తర్వాతా అంటే నవ్వేసి వెళ్ళిపోయాడు. నాకు ఇప్పటికీ కారణం తెలియదు. దయ్యం అని మాత్రం నేను అనను. తీగలో లోపం అయితే, నేను ఒక వరస ఆలస్యం చేసిన తల్లిని. లోపం కాకపోతే, ఆవిడ ఎప్పటిలాగే ఆగి చెప్పింది, నేను ఎప్పటిలాగే నా వరస పూర్తి చేసుకున్నాను. ఆ రెండో మాట మోయడం నావల్ల కాదు.

మా ఆయనకి ఆ చప్పుడు సంగతి తర్వాత అంతా చెప్పాను. చాలాసేపు విని ఒక్కటే అడిగారు.

“ఆగిపోయిందన్నావు కదా. ఆగగానే లేచావా?”

“ఆగగానే లేచాను” అన్నాను.

ఆయన తల ఊపారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయనకు చదవడం రాదు. నేను రాస్తూ ఉంటే పక్కన కూర్చుని ఏం రాస్తున్నావని కూడా అడగడం లేదు. ఆ వరసలో ఇంకా ఏడు బుటాలు ఉన్నాయి. ఏడూ వేశాకే లేచాను.